ఆదివారపు ఖైరియత్

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే జాతీయ రహదారిపై పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటి మరికొంత దూరం వెళ్ళిన తరువాత నేల రంగు మారుతుంది. నల్లరేగడి వెనుకబడి, ఇటుకపొడి వంటి ఎర్రమట్టి కనబడుతుంది. జహీరాబాద్ ప్రాంతానికి ఆ మట్టే గుర్తు. అల్లం, బంగాళదుంప, చెరకు, కంది, జొన్న ఇక్కడి పంటలు. గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం మేము ఆ దారిన వెళ్ళినప్పుడు చెరకు నరుకుడు సాగుతున్నది. లోడు ఒరిగిపోతుందేమో అనిపించే ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఉన్నాయి. కోహీర్ వైపు నుండి వచ్చిన జామపండ్లను రోడ్డు ప్రక్కన గంపలలో పోసి అమ్ముతున్నారు. మాతో వస్తున్న మా బంధువు బండి ఆపించి రెండు కిలోలు కొన్నది. ఆమె కుమార్తె జహీరాబాద్ ప్రాంతంలోని ఒక మైనారిటీ బాలికల గురుకులంలో ఏడవ తరగతి చదువుతున్నది. నెలలో ఒక ఆదివారం తల్లిదండ్రులు వచ్చి పిల్లలను చూసుకోవచ్చు. ఆ రోజు కోసమే మా ప్రయాణం.

ఈ ప్రాంతం మూడు భాషల కూడలి. 1956కు ముందు, హైదరాబాదు రాష్ట్రం ఉన్న కాలంలో, జహీరాబాద్ బీదరు జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు కన్నడ రాష్ట్రానికి వెళ్ళింది, జహీరాబాద్ మెదక్ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఎల్లలు మారినా వియ్యాలు మారలేదు. ఇక్కడి ముస్లిం కుటుంబాలలో కోడలు బీదరుదో హుమ్నాబాదుదో కావడం ఈనాటికీ సాధారణం. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, నానీ ఇంటికి వెళితే కన్నడం. ఇన్ని భాషల మధ్య పెరిగిన పదేళ్ళ పిల్లను తీసుకువెళ్ళి ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చోబెడతారు. అక్కడ ఉర్దూ ఒక పాఠం, తెలుగు ఒక పాఠం. ఆ పిల్ల ఇంటితో మాట్లాడే భాష మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు.

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో ప్రారంభమై, తరువాత 204 అయ్యాయి. ఐదవ తరగతి నుండి ప్రవేశం. సీట్లలో నాలుగింట మూడు వంతులు మైనారిటీ పిల్లలకు, మిగిలినవి ఇతరులకు. చదువు, వసతి, భోజనం, దుస్తులు, పుస్తకాలు అన్నీ ఉచితమే. ఇవి వచ్చేవరకు మన గ్రామాలలోని సామాన్య ముస్లిం కుటుంబం ఆడపిల్లను ఇంటికి దూరంగా ఉంచి చదివించడమన్నది దాదాపు ఆలోచనకే రాని విషయం. దూరపు మదరసాకు అబ్బాయిని పంపిన ఇళ్ళు ఉన్నాయి; అమ్మాయిని పంపినవి చాలా తక్కువ. కాబట్టి ఈ తల్లిదండ్రులు చేస్తున్నది వారి ఇళ్ళలో ఇంతకుముందు ఎవరూ చేయని పని. దూరంగా ఉన్న బిడ్డతో ఏమి మాట్లాడాలి, ఇంటి సంగతి ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది వారికి నేర్పిన పెద్దలెవరూ లేరు. ఆ రోజు గేటు దగ్గర నిలబడినప్పుడు మాకు మొదట తోచింది ఇదే.

గేటు తెరవడానికి గంట ముందే వంద మంది వరకు చేరుకున్నారు. ఆటోలు, మోటారు సైకిళ్ళు, ఒక డీసీఎం వ్యాను. ప్రతి చేతిలోను ఒక టిఫిన్ క్యారియరు. జొన్నరొట్టె, ఖీమా, బగారా అన్నం, దాల్చా. ఒక దాదీ చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసిన మలీదాను స్టీలు డబ్బాలో పెట్టి, దానిపై గుడ్డ కట్టి, ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. లోపల తిండి లేకకాదు. 2024 నవంబరు నుండి ప్రభుత్వం గురుకులాలలో, వసతిగృహాలలో భోజన ఖర్చును పెంచింది. 3 నుండి 7వ తరగతి వరకు ఒక్కొక్కరికి నెలకు 950 రూపాయలుగా ఉన్నది 1330 అయింది. 8 నుండి 10వ తరగతి వరకు 1100గా ఉన్నది 1540 అయింది. సబ్బు, నూనె వంటి వాటికై బాలికలకు ఇచ్చే మొత్తం ఏడవ తరగతి వరకు 55 నుండి 175కు, ఆ పై తరగతులకు 75 నుండి 275కు పెరిగింది. అయినా ప్రతి తల్లి సంచిలోను ఒక కొబ్బరినూనె సీసా ఉన్నది. ఆ నూనె తన చేతితో బిడ్డ తలకు పెట్టాలన్నదే ఆమె కోరిక. దానికి ప్రభుత్వ లెక్కలతో సంబంధం లేదు.

వారం ఎలా గడుస్తుందో మాకు చెప్పినది మా బంధువు కూతురే. వేపచెట్టు క్రింద చాప పరిచి, జామపండు కొరుకుతూ, వేళ్ళు మడిచి చెప్పింది. చీకటి ఉండగానే గంట. వుజూకు నీళ్ళ దగ్గర వరుస, డిసెంబరులో ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో వివరించడానికి ఆమె భుజాలు ముడుచుకుని చూపింది. ఫజ్ర్ తరువాత వ్యాయామం, ఆ తరువాత చదువు, టిఫిను, ప్రార్థనా సమావేశం, తరగతులు. సాయంత్రం ఆటలు. మగ్రిబ్ తరువాత మళ్ళీ పుస్తకాలు. ఇషా, భోజనం, నిద్ర. ఆమె లెక్క ప్రకారం సోమవారం భారమైన రోజు, ఎందుకంటే గణితం రెండు పీరియడ్లు. గురువారం రాత్రి యూనిఫాంకు బదులు మరునాటికి ఏ దుపట్టా వేసుకోవాలన్న చర్చ. శుక్రవారం స్నానాల వరుస పొడవు. శనివారం చిన్న పరీక్ష. ఆదివారం బట్టలు ఉతకడం, దుప్పట్లు ఎండలో వేయడం, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకోవడం, ఇంకా ఫోను.

ఫోను అన్న మాట దగ్గర ఆమె వేళ్ళు మడవడం ఆపింది. తల్లిదండ్రులు రాని ఆదివారాలలో పాఠశాల ఫోను నుండి ఇంటికి మాట్లాడించే ఏర్పాటు ఉన్నది. తరగతి వారీగా వరుస, ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు. మన ఇళ్ళలో పిల్ల ఒక పూటలో మూడు నిమిషాలు కాదు, మూడు వందల మాటలు తల్లి చెవిలో పోస్తుంది. వాటిలో తల్లి వినేది పది. ఇక్కడ వారమంతటి మాటలను మూడు నిమిషాలలోకి కుదించాలి. వెనుక నిలబడిన పిల్ల "జల్దీ జల్దీ" అని గుంజుతూ ఉంటుంది.

ఆ మూడు నిమిషాలలో ఏమి మాట్లాడుకుంటారో మేము పలువురు తల్లులను, తండ్రులను అడిగాము. సమాధానాలు దాదాపు ఒకటే. "క్యా ఖాయీ?" అని అమ్మ అడుగుతుంది. బిడ్డ ఆ రోజు కూర పేరు చెబుతుంది. "కడుపు నిండా తిన్నావా?" "హౌ." "నమాజు వదలడం లేదు కదా?" "హౌ." తండ్రి ఫోను అందుకుని మార్కులు అడుగుతాడు. చివరకు బిడ్డ అడుగుతుంది: "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" "అంతా ఖైరియత్. నువ్వు చదువుకో, మా గురించి ఫికర్ నక్కో." ఫోను పెట్టేస్తారు. వారం ముగిసింది, మరో వారం మొదలైంది.

ఈ 'అంతా ఖైరియత్' అన్న మాటను మేము ఆ రోజు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. గేటు దగ్గర బంధువులు కలిసినా అదే. చాపల మీద కూర్చున్న కుటుంబాలలోనూ అదే. మాట మంచిదే, అందులో అల్లాహ్‌కు కృతజ్ఞత ఉన్నది. కాని ఒక ఏడవ తరగతి పిల్ల మా మాటల మధ్యలోకి వచ్చి, తలవంచుకుని అన్నది: "ఖైరియత్ అంటే మా ఇంట్లో ఏదో అయిందని అర్థం."

ఆమె సంగతి మా బంధువు కూతురు తరువాత చెప్పింది. కిందటి సంవత్సరం ఆమె దాదా చనిపోయారు. ఊరంతా జనాజాకు వచ్చారు, ఈ పిల్లకు మాత్రం తెలియజేయలేదు. పరీక్షలు దగ్గరలో ఉన్నాయని, ఏడుస్తుందని, చదువు పాడవుతుందని పెద్దలు నిర్ణయించారు. మూడు ఆదివారాలు ఫోనులో ఆమె "దాదా ఎలా ఉన్నారు?" అని అడిగింది, మూడుసార్లూ "బాగున్నారు, నిద్రపోతున్నారు" అన్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళి తలుపు తెరిచి, ఖాళీ మంచం చూసింది. ఆ రోజు నుండి ప్రతి ఆదివారం అందరి పేర్లూ ఒకరి తరువాత ఒకరు చెప్పి, ఒక్కొక్కరిని ఫోనులో మాట్లాడించమని పట్టుపడుతుందట. నానీ గొంతు వినేదాకా ఫోను పెట్టదు. వెనుక వరుసలో ఉన్న పిల్లలు మొదట గొణిగేవారు. ఇప్పుడు ఆమె వంతు వస్తే ఎవరూ తొందర పెట్టరు.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక, కాని వారి ఉద్దేశంలో బిడ్డపై ప్రేమ తప్ప మరేమీ లేదు. మన సమాజంలో పిల్లలకు చావుకబురు చెప్పకపోవడం దయగా చెలామణి అవుతున్నది. అయితే దైవప్రవక్త (సఅసం) కాలంలో జరిగిన ఒక చిన్న సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోదగినది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన బాల్యంలోని ఈ సంగతిని చెప్పగా అబూ దావూద్ హదీసు గ్రంథంలో నమోదైనది. ఆయన తల్లి ఆయనను దగ్గరకు పిలుస్తూ, వస్తే ఒకటి ఇస్తానన్నది. ఇంట్లో ఉన్న ప్రవక్త (సఅసం) ఏమి ఇవ్వదలిచావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా వ్రాయబడేదని ఆయన తెలియజేశారు. పసిపిల్లను దగ్గరకు పిలవడానికి చెప్పే మాటకే అంత పట్టింపు ఉన్నప్పుడు, దాదా నిద్రపోతున్నారని మూడు వారాలు చెప్పిన మాటను ఏ లెక్కలో వేయాలి?

పిల్లలు కూడా తక్కువ తినలేదు. పెద్దల నుండి నేర్చినదే వారూ తిరిగి ఇస్తున్నారు. జ్వరంతో రెండు రోజులు పడుకున్న పిల్ల ఫోనులో "బాగున్నాను" అంటుంది. అమ్మీ ఏడుస్తుందని, అబ్బూ వచ్చి ఇంటికి తీసుకుపోతారని భయం. ఒక ఆరవ తరగతి చిన్నది చెప్పులు పోగొట్టుకుని పదిహేను రోజులు స్నేహితురాలి పాత చెప్పులతో తిరిగింది, ఇంట్లో చెప్పలేదు. ఇంకొక పిల్లకు ప్రక్క మంచం అమ్మాయితో మాటలు లేవు, రాత్రుళ్ళు ఏడుస్తున్నది. ఇంటికి తెలిసింది మార్కులు తగ్గిన సంగతి ఒక్కటే. అక్కడినుండి ఇక్కడికి ఖైరియత్, ఇక్కడినుండి అక్కడికి ఖైరియత్. మధ్యలో తొమ్మిది నెలల చదువు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే ఆడపిల్ల శరీరము, మనసు రెండూ మారే వయసు. ఆమెకు మొదటిసారి నెలసరి వచ్చిన సంగతిని తల్లి ఫోనులో అందరి ముందు ఎలా మాట్లాడగలదు? ఒక ఉపాధ్యాయురాలు మాకు చెప్పినదాని ప్రకారం, అటువంటి రోజున వరుసలో చివరకు నిలబెట్టి, ఆఫీసు గదిలో తలుపు వేసి మాట్లాడనిస్తారట. అది నియమాలలో వ్రాసినది కాదు, ఆమెకు తోచి చేస్తున్నది.

అందరిలో మాకు ముచ్చటగా తోచినది ఒక లంబాడీ తల్లి. నారాయణఖేడ్ వైపు తండా నుండి వచ్చింది. ఆమె బిడ్డ కూడా ఏడవ తరగతే. రొట్టె, పచ్చిమిరప కారం విప్పి పెట్టి, నోరు మెదపకుండా బిడ్డ తినేదాకా చూసి, తరువాత చెప్పడం మొదలుపెట్టింది. బోరు ఎండింది. మేకను అమ్మాము, ఇంత వచ్చింది, అందులో ఇంత అప్పుకు పోయింది. మీ నాన్న, బాబాయి మాట్లాడుకోవడం లేదు. నీ పెద్దక్కకు మళ్ళీ కడుపు వచ్చింది. తాతకు చూపు తగ్గింది, నిన్ను అడుగుతున్నాడు. బిడ్డ మధ్య మధ్య ప్రశ్నలు వేసింది, మేక ఎవరికి అమ్మారని కోప్పడింది, అక్క సంగతికి నవ్వింది. తరువాత తన వంతుగా, లెక్కల టీచరు కొట్టలేదు గాని అందరి ముందు నిలబెట్టిందని, తనకు సిగ్గు వేసిందని చెప్పింది. తల్లి నోటు పుస్తకం తెప్పించి, చదవడం రాకపోయినా పేజీలు త్రిప్పి చూసింది. చదువురాని ఆ తల్లి ముందు బిడ్డ దాచినదేమీ ఉన్నట్టు మాకు కనబడలేదు. ప్రక్క చాప మీద డిగ్రీ చదివిన మా బంధువు అంతా వింటూ కూర్చున్నది. కొంతసేపటికి తన కూతురితో, "మీ మామూ దుకాణం మూసేశాడు, నీకు చెప్పలేదు" అన్నది. కూతురు, "నాకు తెలుసు, అబ్బూ గొంతులో తెలిసింది" అన్నది.

మధ్యాహ్నం జుహ్ర్ వేళకు గేటు దగ్గర కొంత అలజడి కలిగింది. ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక తండ్రి ఆటో తెచ్చాడు. అల్లం మార్కెట్లో హమాలీ పని చేస్తాడు. ఇంట్లో ఇబ్బందిగా ఉన్నది, బిడ్డను ఐదారు రోజులు తీసుకువెళతానని ఆఫీసులో అడిగాడు. వారు దరఖాస్తు కాగితం ఇచ్చారు. అంతలో తరగతి ఉపాధ్యాయురాలు డార్మిటరీ మెట్ల దగ్గర ఆ బాలికను చూసింది. ఆమె ఇద్దరు స్నేహితురాళ్ళ సాయంతో తన ఇనుప పెట్టెను క్రిందికి దించుతున్నది. ఉపాధ్యాయురాలు నేరుగా తండ్రి దగ్గరకు వచ్చి అడిగింది.

"ఐదు రోజులకు పెట్టె ఎందుకు భాయీ?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్కటే బయటపడింది. భార్యకు గర్భసంచి ఆపరేషను జరిగి నెల అయింది. బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. తల్లికి మోకాళ్ళు పట్టేశాయి. మూడేళ్ళ కొడుకును చూసేవారు లేరు. "ఏం చేయమంటారు మేడం, నేను పనికి పోకపోతే పొయ్యి వెలగదు. పెద్దపిల్ల ఇంట్లో ఉంటే వండుతుంది, తమ్ముణ్ణి చూస్తుంది. ఆడపిల్లకు ఎనిమిది వరకు వచ్చింది, చాలు కదా." ఆయన గొంతులో మొండితనం లేదు, అలసట ఉన్నది. ఆ అలసటకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే. ప్రిన్సిపల్ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించారు.

బాలిక మాత్రం పెట్టె మీద కూర్చుని కదలలేదు. ఇంటికి వెళ్ళనని ఆమె అనలేదు. చదువు మాన్పిస్తారని కూడా ఆమె ఏడవలేదు. మళ్ళీ మళ్ళీ ఒకే మాట అన్నది: "నెల రోజులుగా అమ్మీ మంచంలో ఉంటే, ప్రతి ఆదివారం నాకు బజారుకు వెళ్ళిందని చెప్పారు." నాలుగు ఆదివారాలు అమ్మ బజారులోనే ఉన్నది! ఆ బాలిక ఆ నాలుగు వారాలలో తరగతిలో రెండవ స్థానం తెచ్చుకుని, అమ్మకు తానే చెప్పాలని అబ్బూకు కూడా చెప్పకుండా దాచుకున్నదట.

ఇంట్లో కష్టం వచ్చినప్పుడు కూతురు చేతికి రావడం తప్పు కాదు. మన కుటుంబాలు నిలబడుతున్నది ఆ చేతుల మీదనే. కాని మొదటి ఆదివారమే ఆపరేషను సంగతి చెప్పి ఉంటే ఏమి జరిగేది? ఆ పిల్ల ఏడ్చేది, దుఆ చేసేది, బహుశా రెండు రోజుల సెలవు అడిగి వెళ్ళి తల్లిని చూసి వచ్చేది. ఉపాధ్యాయురాలికి తెలిసేది. మూడేళ్ళ పిల్లవానికి ఊరిలోనే ఒక దారి వెదకడానికి నెల రోజుల వ్యవధి దొరికేది. దాచిన కబురు నెల రోజులు పెరిగి పెరిగి చివరకు ఆటో ఎక్కి వచ్చింది. మన గురుకులాలలో ఏడు, ఎనిమిది తరగతుల మధ్య ఖాళీ అయ్యే మంచాల వెనుక పేదరికం, పెళ్ళి తొందర ఉన్న మాట నిజమే. ఈ మౌనం కూడా ఉన్నదని మాకు ఆ రోజు అర్థమయింది.

గంటకు పైగా మాటలు జరిగాయి. చివరకు దరఖాస్తులో ఐదు రోజులు అని వ్రాశారు, తండ్రి సంతకం చేశాడు. పెట్టె మళ్ళీ పైకి వెళ్ళింది. బాలిక ఒక చిన్న సంచితో, అందులో రెండు జతల బట్టలు, సైన్సు పుస్తకంతో ఆటో ఎక్కింది. ఉపాధ్యాయురాలు తన ఫోను నంబరు ఒక కాగితం మీద వ్రాసి, తండ్రికి కాక బాలిక చేతికి ఇచ్చింది.

అసర్‌కు ముందే గేటు మూసే సమయమయింది. మేము అక్కడినుండి బీదరు వెళ్ళాము. సుమారు 30 కిలోమీటర్ల దూరం. ఆ రోజు చూసినదానికి, బీదరులోని మహమూద్ గవాన్ మదరసాకు సంబంధం ఉన్నదని ముందుగా అనుకుని వెళ్ళలేదు. దగ్గరలో ఉన్నది, చూద్దామని వెళ్ళాము. 1472లో కట్టిన విద్యాలయం అది. మూడు అంతస్తులు, నాలుగు వైపులా తోరణాలు, మధ్యలో విశాలమైన ఆవరణ, మసీదు, గ్రంథాలయం, విద్యార్థులు ఉండి చదువుకునే గదులు. 1696లో తుపాకిమందు పేలి ముందుభాగం చాలావరకు కూలిపోయింది. ఇప్పుడు ముందువైపు ఒక్క మీనారు నిలిచి ఉన్నది. దానిపై నీలం, ఆకుపచ్చ, తెలుపు పింగాణీ పలకలు అక్కడక్కడ మిగిలి, సాయంత్రపు ఎండలో తడిసినట్టుగా మెరుస్తున్నాయి. విద్యార్థుల గదులు చిన్నవి. ఒక గదిలో నిలబడి చూస్తే ఆకాశం ఒక చతురస్రమంత కనబడుతుంది. ఆ గదులలో ఉండిన పిల్లలకు ఇంటి కబురు ఏ బిడారుతో, ఎన్ని నెలలకు వచ్చేదో!

ఈ మదరసాను కట్టించిన ఖ్వాజా మహమూద్ గవాన్ స్వయంగా దూరదేశీయుడు. ఇరాన్‌లోని గీలాన్ నుండి 1453లో బీదరు చేరి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ఉత్తరాలు 'రియాజుల్ ఇన్షా' పేరుతో సంపుటిగా నిలిచాయి. వాటిలో రాజులకు, పండితులకు వ్రాసినవే కాక, సొంత కుమారులకు, బంధువులకు వ్రాసినవి కూడా ఉన్నాయి. దూరంగా ఉన్న బిడ్డకు ఉత్తరం ద్వారా తండ్రిగా ఉండడమంటే ఏమిటో ఆయన ఎరుగును. చివరకు ఆయన ప్రాణం తీసినది కూడా ఒక ఉత్తరమే. ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితంపై విరోధులు, ఒడిశా రాజుకు ఆయన వ్రాసినట్టుగా ఒక కుట్ర లేఖ వ్రాసి సుల్తాను మూడవ ముహమ్మద్ షాకు చూపించారని చరిత్రకారులు చెబుతారు. సుల్తాను విచారించలేదు. 1481లో మంత్రి తల తీయించాడు. తరువాత నిజం తెలిసి కుమిలిపోయాడు.

అక్కడ ఆవరణలోని గడ్డిపై కూర్చున్నప్పుడు మా బంధువు సూరె యూసుఫ్ ప్రస్తావన తెచ్చింది. ఆ సూరాలో ఒక తండ్రికి దూరమైన బిడ్డ గురించి రెండుసార్లు కబురు అందుతుంది, రెండుసార్లూ ఒక చొక్కా రూపంలోనే. మొదటిసారి అన్నలు దొంగ నెత్తురు పూసిన చొక్కా తెచ్చి, తోడేలు తిన్నదన్నారు. యాఖూబ్ (అలై) ఆ కబురును నమ్మలేదు, ఓర్చుకున్నారు, కళ్ళు తెల్లబడేదాకా దుఃఖించారు. ఎన్నో సంవత్సరాలకు ఈజిప్టు నుండి యూసుఫ్ (అలై) తన చొక్కా పంపారు. బిడారు ఇంకా దారిలో ఉండగానే తండ్రికి బిడ్డ వాసన సోకింది, చొక్కా ముఖంపై వేయగానే చూపు తిరిగి వచ్చింది. ప్రేమతో దాచే మన ఇళ్ళ పెద్దలకు, అసూయతో దాచిన ఆ అన్నలకు పోలిక లేదని ఆమే అన్నది. "కాని ఫోనుకు అటువైపు ఉన్న పిల్లకు వాసన తెలుస్తుంది" అని కొంచెం ఆగి చెప్పింది. ఎండ మీనారు పైకి వెళ్ళిపోయింది. మగ్రిబ్ దగ్గరలోని మసీదులో చేసుకుని తిరుగు ప్రయాణమయ్యాము.

ఆ తరువాతి ఆదివారం ఆమె కూతురి నుండి ఫోను వచ్చింది. ఈసారి మూడు నిమిషాలలో ఒక నిమిషం అమ్మ చెప్పింది: మామూ దుకాణం సామాను అమ్మకానికి పెట్టాడని, ఇంట్లో అందరూ కొంచెం దిగులుగా ఉన్నారని, అబ్బూ ఆయనకు సాయం చేయాలనుకుంటున్నాడని, అందువలన ఈద్‌కు కొత్త బట్టలు ఒకే జత అని. కూతురు సరేనన్నది. తరువాత తన వారం చెప్పింది. శనివారం పరీక్షలో సాంఘికం బాగా వ్రాయలేదు. జలుబు చేసింది, నర్సు మాత్ర ఇచ్చింది. దాదా పోయిన పిల్ల ఈ వారం నానీతో మాట్లాడకుండానే ఫోను పెట్టేసింది, ఎందుకో తెలియదు. ఎనిమిదవ తరగతి ఆపా శుక్రవారం రావలసినది, రాలేదు. శనివారం సాయంత్రం చీకటి పడ్డాక వచ్చింది. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో వేశారట, మధ్యాహ్నం వరకు అక్కడే ఉంటాడట, వాళ్ళ ఖాలా సాయంత్రాలు వచ్చి వండి పోతుందట. అమ్మీకి ఇంకా నొప్పి ఉన్నదని కూడా ఆపా అందరికీ చెప్పింది.

"ఇంకా?" అని అమ్మ అడిగింది.

"జామపండ్లు అయిపోయాయి" అన్నది కూతురు. వెనుక ఎవరో "జల్దీ" అంటున్నారు.